ఆల్‌వీల్ డ్రైవ్ వ్యానును మట్టిదారికీ మకాముకూ సిద్ధం చేయడం: ఫోర్డ్ ట్రాన్సిట్ మీద సమగ్ర మార్గదర్శి

ఫోర్డ్ సంస్థ అమెరికాలో అమ్మే ట్రాన్సిట్ వ్యానుకు 2020 మోడల్ సంవత్సరం నుంచి ఆల్‌వీల్ డ్రైవ్‌ను ఇస్తోంది. అంతకుముందు ఇలాంటి పెద్ద వ్యాను నాలుగు చక్రాలతో లాగాలంటే మెర్సిడెస్ స్ప్రింటర్ కొనాలి, లేదా మామూలు వ్యాను కొని బయటి సంస్థ చేత మార్పించుకోవాలి. ఇప్పుడు సరుకుల వ్యానును ఖాళీగా కొని, లోపల పడక, వంట, కరెంటు అమర్చుకుని, యూటా, కొలరాడో, నెవాడా ప్రాంతాల మట్టిదారుల్లో వారాంతాలు గడపడం అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చింది. మా ఇంట్లో ఈ పని మొదటి నుంచి చివరి దాకా చేశాం. ఏ మార్పు ముందు చేయాలి, ఏది అసలు అక్కర్లేదు అన్నది చాలామంది తలకిందులుగా మొదలుపెట్టడం చూశాక ఈ వరుస రాయాలనిపించింది. మొదటే ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, ఆ తర్వాత లోపలి సామాను ఎక్కించి, చివరికి కాటా మీద నిలబెట్టేసరికి బండి పరిమితి దాటిపోయి ఉంటుంది. కాబట్టి ఇక్కడ ప్రతి అడుగులోనూ బరువు ప్రస్తావన వస్తుంది.

మొదటి అడుగు: ఏ దారిలో తిరుగుతారో తేల్చుకోవడం

ట్రాన్సిట్‌లో ఉన్నది ఆల్‌వీల్ డ్రైవే కాని, జీపుల్లో ఉండే తక్కువ గేర్ల వరుస ఇందులో లేదు. మామూలుగా వెనక చక్రాలు లాగుతాయి, అవి జారుతున్నప్పుడు ముందు చక్రాలకూ శక్తి అందుతుంది. జారుడు దారికీ, బురదకూ వేర్వేరు డ్రైవింగ్ మోడ్‌లు ఉన్నాయి. మంచు, వదులు కంకర, తడి మట్టి, మోస్తరు ఇసుక వీటికి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. నడక వేగంతో బండరాళ్ల మెట్లు ఎక్కడానికీ, నిటారు దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజను పట్టుతోనే దిగడానికీ మాత్రం సరిపోదు. ఎన్ని వేల డాలర్ల మార్పులు చేసినా ఈ పరిమితి మారదు.

ఈ తేడా పార్కుల నిబంధనల్లో కూడా ఉంది. యూటాలోని కెన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో సుమారు 100 మైళ్లు సాగే వైట్ రిమ్ దారికి నేల నుంచి తగినంత ఎత్తు, తక్కువ గేర్లు ఉన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండి తప్పనిసరి. అక్కడికి ట్రాన్సిట్ తీసుకువెళ్లకూడదు. అదే యూటాలో వ్యాలీ ఆఫ్ ది గాడ్స్ మీదుగా వెళ్లే 17 మైళ్ల మట్టిదారి పొడిగా ఉన్న రోజున ఈ వ్యానుకు హాయిగా ఉంటుంది. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో యూబెహేబే అగ్నిబిలం నుంచి రేస్‌ట్రాక్‌కు వెళ్లే 27 మైళ్ల దారిలో ఎక్కాల్సిన కొండలు పెద్దగా లేవు కాని, అలలుగా గట్టిపడిన నేలా, పదునైన రాళ్లూ టైర్లను చీల్చేస్తాయి. మూడు దారులూ మట్టివే అయినా మొదటిదానికి వేరే బండి కావాలి, రెండోదానికి కొత్తగా ఏ మార్పూ అక్కర్లేదు, మూడోదానికి గట్టి టైర్లు కావాలి. అమెరికా అటవీ శాఖ విడుదల చేసే మోటారు వాహనాల పటాల్లో ఏ దారి ఏ రకం బండికి తెరిచి ఉందో గుర్తులతో సహా ఉంటుంది. కొనుగోళ్లు మొదలుపెట్టే ముందే మీరు వెళ్లాలనుకునే ఐదారు చోట్లను ఆ పటాల మీద చూసుకోండి.

రెండో అడుగు: తూకం

డ్రైవరు తలుపు తీసిన చోట స్తంభం మీద అతికించిన పట్టీలో మూడు అంకెలు ఉంటాయి. ఒకటి సామానుతో, మనుషులతో కలిపి బండి మొత్తం ఉండదగ్గ గరిష్ఠ బరువు. మిగతా రెండూ ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా మోయదగ్గ గరిష్ఠ బరువులు. వెనక రెండు టైర్లే ఉండే ట్రాన్సిట్ 350కి మొత్తం పరిమితి సాధారణంగా 9,500 పౌండ్లు, అంటే సుమారు 4,300 కిలోలు. ఎత్తు కప్పు ఉన్న మా వ్యాను ఖాళీగా, నిండు ట్యాంకుతో 5,800 పౌండ్లకు దగ్గరగా తూగింది. చేతిలో మిగిలినవి 3,700 పౌండ్లు. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది కాని, నేలకూ గోడలకూ వేసే ప్లైవుడ్, అరలు, పరుపు, బ్యాటరీలు, 20 గ్యాలన్ల నీళ్లు, ఫ్రిజ్, కప్పు మీది చట్రం, గొడుగు, ఇద్దరు మనుషులు, వారం రోజుల తిండి, పార, తాళ్లు అన్నీ కలిసేసరికి 2,500 పౌండ్లు తేలికగా దాటుతుంది. నీళ్లే గ్యాలనుకు 8.3 పౌండ్ల చొప్పున 166 పౌండ్లు.

జాతీయ రహదారుల పక్కన ట్రక్కులు ఆగే చోట్ల ఇరుసుల బరువును విడివిడిగా చూపే కాటాలు ఉంటాయి. ఖాళీ బండిని ఒకసారి, లోపలి పని సగం అయ్యాక ఒకసారి, ప్రయాణానికి నింపాక మరోసారి తూచండి. మొత్తం బరువు పరిమితిలో ఉన్నా వెనక ఇరుసు ఒక్కటే దాటడం ఈ వ్యానుల్లో తరచూ జరుగుతుంది, ఎందుకంటే మంచం కింద అందరూ బరువైనవన్నీ పేరుస్తారు. బ్యాటరీలు, నీళ్ల ట్యాంకు రెండు ఇరుసుల మధ్య, నేలకు ఆనించి, ఎడమ కుడి సమానంగా ఉండేలా ముందే కాగితం మీద గీసుకోవాలి. మట్టిదారిలో బండి పక్కకు ఒరిగినప్పుడు, నేల మీది 100 పౌండ్లకూ కప్పు మీది 100 పౌండ్లకూ ఉన్న తేడా స్టీరింగు పట్టుకున్నవారికి వెంటనే తెలుస్తుంది. పరిమితికి కనీసం పది శాతం తక్కువలో ఆగడం నా పద్ధతి.

మూడో అడుగు: టైర్లు, వాటిలో గాలి

డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే అది టైర్ల మీదే పెట్టండి. బండితో వచ్చే 235/65 ఆర్16సి టైర్లు రహదారి కోసం చేసినవి. వాటి పక్కగోడలు పలచన. వాటి బదులు ఎక్కువమంది 245/75 ఆర్16 కొలతలో, మంచు పర్వతం గుర్తు ఉన్న ఆల్ టెరైన్ టైర్లు వేస్తారు. పాత టైరు వ్యాసం 712 మిల్లీమీటర్లు, కొత్తది 774. తేడా 62 మిల్లీమీటర్లు, దానిలో సగమైన 31 మిల్లీమీటర్ల మేరకు ఇరుసు నేల నుంచి పైకి లేస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం గుర్తుంచుకోవాలి. సస్పెన్షన్‌ను ఎంత ఎత్తినా వెనక ఇరుసు, దాని మధ్యలో రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్లుండే డిఫరెన్షియల్ గుండు పైకి లేవవు. వాటిని ఎత్తగలిగేది టైరు వ్యాసం ఒక్కటే.

పెద్ద టైరు అంటే ఎక్కువ బరువు మోసే టైరు అని అనుకోకూడదు. పాత టైరు పక్కన 121 అనే భార సూచిక ఉంటుంది, అంటే 1,450 కిలోలు. 245/75లో ‘ఇ’ తరగతి టైరుకు ఆ సూచిక 120, అంటే 1,400 కిలోలు, అది కూడా 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడి) గాలి ఉన్నప్పుడే. కొత్త టైరు మోసే బరువు కొద్దిగా తగ్గిందే తప్ప పెరగలేదు. ఈ అంకె ఒక్కో టైరుది, కాబట్టి వెనక ఇరుసు తూకంలో సగాన్ని దీనితో పోల్చి చూసుకున్నాకే కొనండి. మరో మార్పు స్పీడోమీటరులో వస్తుంది. వ్యాసం 8.7 శాతం పెరిగింది కాబట్టి ముల్లు 60 మైళ్లు చూపిస్తున్నప్పుడు బండి 65 మైళ్ల వేగంతో పోతుంది. టైరు చుట్టుకొలతను బండి కంప్యూటరులో దిద్దించాలి. ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేరుతో అనుభవం ఉన్నవారు ఆ పని చేస్తారు. పెద్ద చక్రాన్ని ఆపడానికి బ్రేకులు కొంచెం ఎక్కువ శ్రమపడతాయి, మైలేజీ కూడా తగ్గుతుంది.

ఎత్తు పెంచకుండా ఈ కొలత వేస్తే, స్టీరింగు పూర్తిగా తిప్పి గుంటలో దిగినప్పుడు లోపలి ప్లాస్టిక్ తొడుగుకు టైరు రాసుకునే అవకాశం ఉంది. ఖాళీ స్థలంలో రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఒక ముందు చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి చూడండి. స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండాలి. నాలుగు చక్రాలూ లాగే బండిలో ఒక చక్రం మాత్రం వేరే వ్యాసంతో తిరిగితే గేర్ల వ్యవస్థ అనవసరంగా వేడెక్కుతుంది. బండి కింద స్టెప్నీని వేలాడదీసే చోట పెద్ద టైరు పడుతుందో లేదో కొలిచి చూసుకోండి.

ఇక గాలి. కొత్తగా మట్టిదారి ఎక్కేవారిలో ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. రహదారి మీద 60 నుంచి 80 పీఎస్ఐ మధ్య ఉండే టైరులో గాలి తగ్గించినప్పుడు అది నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ వైశాల్యం మీద పడుతుంది, రాయి తగిలితే చీలకుండా దాని చుట్టూ వంగుతుంది. నిండుగా నింపిన మా వ్యానుకు అలల మట్టిదారి మీద 40 దాకా, మెత్తటి ఇసుకలో 25 దాకా దించుతాం. అంతకన్నా దిగితే ఇంత బరువైన బండిలో మలుపు దగ్గర టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక వేగమూ తగ్గించాలి. గంటకు 25 మైళ్లు దాటవద్దు, తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపకుండా కదలవద్దు. తక్కువ గాలితో వేగంగా పోయే టైరు లోపల వేడెక్కి పగిలిపోతుంది. మొదటి ఏడాది యూటాలో ఎండిన వాగు ఒకటి దాటుతూ గాలి తగ్గించకుండానే ఇసుకలోకి దిగాం. ఇరుసు దాకా కూరుకుపోయాం. గత్యంతరం లేక నాలుగు టైర్లలో 20కి దించి, పారతో చక్రాల ముందు వాలుగా తవ్వాక బండి తన శక్తితోనే బయటికి వచ్చింది. దిగే ముందు ఐదు నిమిషాలు ఆగి ఉంటే రెండు గంటల పని తప్పేది.

గాలి నింపే కంప్రెసరు ఎంత చిన్నదైనా బ్యాటరీ కొనలకు నేరుగా తగిలించేది కొనండి. సిగరెట్ లైటరు గుంటలో పెట్టేవి ఇంత పెద్ద టైర్లు నింపలేక వేడెక్కిపోతాయి.

నాలుగో అడుగు: ఎత్తు పెంచడం, అదీ అవసరమైతేనే

ఆల్‌వీల్ డ్రైవ్ ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీ వ్యాను నేల నుంచి ఎత్తుగా ఏమీ ఉండదు. ముందు బంపరు, పొడవాటి చక్రాల నడిమి దూరం రెండూ ఇబ్బందే. 148 అంగుళాల నడిమి దూరం ఉన్న వ్యాను పొట్ట దిబ్బల మీద త్వరగా ఆనుతుంది, అందుకే ఎంచుకునే వీలుంటే 130 అంగుళాలది మట్టిదారికి మేలు. అప్పటికీ లోపలి చోటు కోసం పొడవుదే కావాలంటే రెండు అంగుళాల ఎత్తు సబబైన హద్దు.

ట్రాన్సిట్‌లో ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటిగా ఉండేవి), వెనక గట్టి ఇరుసు మీద కమాన్ కట్టలు ఉంటాయి. వెనక ఎత్తడం తేలిక. కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య ఉక్కు దిమ్మె పెట్టి, పొడవైన యూ బోల్టులతో బిగిస్తారు. పాత యూ బోల్టులను మళ్లీ వాడకూడదు, ఒకసారి బిగింపుకు సాగిన మరలు రెండోసారి అంతే పట్టు ఇవ్వవు. అసలు జాగ్రత్త ముందు భాగానిది. స్ట్రట్‌కు దిమ్మె పెట్టి ఎత్తితే, చక్రానికి శక్తినిచ్చే షాఫ్టు వాలు పెరిగి దాని కీళ్లు త్వరగా అరుగుతాయి. అందుకే ఆల్‌వీల్ డ్రైవ్ కోసం తయారుచేసిన కిట్లలో ముందు ఉపచట్రాన్ని కూడా కిందికి దించే దిమ్మెలు ఇచ్చి ఆ వాలును సరిచేస్తారు. వెనక రెండు చక్రాలే లాగే వ్యాను కోసం అమ్మే చవక కిట్ దీనికి వేయవద్దు. మూడు, నాలుగు అంగుళాలు ఎత్తుతామనే ప్రకటనలు చూసి ఆశపడవద్దు. ఎత్తు కప్పు వ్యాను అప్పటికే తొమ్మిది అడుగులు దాటి ఉంటుంది, పక్కగాలికి ఊగే గుణం ఎత్తుతో పాటు పెరుగుతుంది, జారుడును అదుపుచేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ లెక్కలన్నీ ఫ్యాక్టరీ ఎత్తుకు వేసినవి.

పని పూర్తయిన రోజే చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి. అద్దం వెనక ఉన్న కెమెరానూ ముందు బంపరులోని రాడారునూ సరిదిద్దించాలి, లేకపోతే లేను తప్పుతున్నారనే హెచ్చరికలూ, తనంతట తాను పడే బ్రేకూ తప్పుగా పనిచేయవచ్చు. హెడ్‌లైట్లు కూడా కిందికి దించుకోవాలి, ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడకుండా. 500 మైళ్లు నడిచాక బోల్టులన్నిటినీ టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. నిండు బరువుకు తగిన మంచి షాక్ అబ్జార్బర్లు వేయించడం మాత్రం ఎత్తు పెంచినా పెంచకపోయినా చేయదగ్గ పని. అలల మట్టిదారి మీద ఫ్యాక్టరీ షాకులు కొద్ది మైళ్లకే వేడెక్కి పట్టు కోల్పోతాయి, అప్పుడు బండి వెనక భాగం మలుపుల్లో పక్కకు ఎగురుతుంది.

ఐదో అడుగు: పొట్టకు కవచం, కూరుకుపోతే బయటపడే సామాను

ఇంజను నూనె పాత్ర కింద, గేర్ల పెట్టె కింద అల్యూమినియం పలక వేస్తే చాలు. మొత్తం పొట్టను ఉక్కుతో కప్పితే 150 పౌండ్లు అదనంగా మోస్తాం, వేడి కూడా బయటికి పోదు. ఎగ్జాస్టు చుట్టూ ఎండు గడ్డి ఇరుక్కుంటే నిప్పు అంటుకోవచ్చు, కాబట్టి గడ్డి మైదానం దాటిన ప్రతిసారీ ఒంగి చూసుకోండి.

బయటపడే సామానులో పార, కూరుకుపోయిన చక్రాల కింద పెట్టే రెండు జతల ఎక్కుడు పలకలు, సాగే గుణం ఉన్న తాడు, ఆ తాడును బండికి తగిలించే మెత్తటి షాకిల్స్, జాకీ కింద పెట్టే మందపాటి ప్లైవుడ్ పలక ఉండాలి. బండితో వచ్చే మర కొక్కెం నేలమీద నిలిచిన బండిని తిన్నగా లాగడానికి ఉద్దేశించినది, సాగే తాడుతో గుంజే దెబ్బకు అది తట్టుకోదు. వెనక ట్రెయిలరు తగిలించడానికి ఉండే హిచ్ రిసీవరు గొట్టంలో ఇమిడే షాకిల్ దిమ్మె వాడండి. ట్రెయిలరు తగిలించే ఇనుప బంతికి తాడు వేసి ఎవరినీ లాగనివ్వకండి. అది విరిగి గాలిలోకి దూసుకువచ్చి మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. తాడు బిగుసుకున్నప్పుడు దాని వరుసలో ఎవరూ నిలబడకూడదు, పిల్లలను దూరంగా, ఓ పక్కన ఉంచాలి.

ఆరో అడుగు: కన్నాలు, తేమ, ఉష్ణ నిరోధం

వ్యాను బిల్డర్ల కోసం ఫోర్డ్ ఒక సాంకేతిక కరదీపికను ఉచితంగా అందుబాటులో ఉంచుతోంది. ఎక్కడ కన్నం వేయవచ్చో, ఎక్కడ వేయకూడదో, కరెంటు ఎక్కడ నుంచి తీసుకోవాలో అందులో బొమ్మలతో ఉంది. డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందు దాన్ని చదవండి. నేల కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్ల కట్టలు ఉంటాయి. ముందు సీట్ల పైన అంచులో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. అక్కడ ఒక్క మర కూడా దించకూడదు. వేసిన ప్రతి కన్నం అంచునూ ఆకురాయితో నున్నగా రుద్ది, తుప్పు నిరోధక రంగు పూయాలి. ఈ రంగు పూయడంలో తొందరపడితే రెండు మూడేళ్లకు గోధుమ రంగు చార కనిపిస్తుంది.

కప్పు మీద 14 అంగుళాల చదరపు కోతతో అమర్చే ఫ్యాను ఈ వ్యానుకు అత్యవసరం. కోత చుట్టూ బ్యూటైల్ టేపు, పైన తనంతట తాను పరుచుకునే సీలెంటు వేయాలి. నిద్రపోతున్న ఇద్దరి ఊపిరి నుంచి ఒక రాత్రిలో వచ్చే తేమ కొలిస్తే గ్లాసుల్లో ఉంటుంది. చలి రాత్రి అదంతా ఇనుప రేకు లోపలి వైపు నీళ్లై పేరుకుంటుంది. రేకుకూ చెక్కకూ మధ్య తేమను పట్టి ఉంచని పీచు నిరోధకం, ఉదాహరణకు థిన్సులేట్ వంటిది, నింపడం నాకు నచ్చిన పద్ధతి. గోడల ఖాళీల్లో ఉబ్బే ఫోము చల్లడం వద్దు. లోపల వైర్లు మార్చలేము, రేకు వంకర పోవచ్చు, నీరు ఎక్కడ నిలిచిందో తెలియదు. చప్పుడు తగ్గించే రబ్బరు షీట్లను రేకు మొత్తానికీ అతికించక్కర్లేదు, ప్రతి పలక నడుమ పావు వంతు అంటించినా మోత ఆగుతుంది, బరువు మిగులుతుంది.

ఏడో అడుగు: కరెంటు

లెక్క కాగితం మీద మొదలవ్వాలి. 45 లీటర్ల ఫ్రిజ్ రోజుకు 35 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత), ఫ్యాను 15, దీపాలు 5, ఫోన్లూ ల్యాప్‌టాపులూ 20, చలికాలంలో హీటరు మోటారు మరో 15 తీసుకుంటాయి. రోజుకు అరగంట ఇండక్షన్ పొయ్యి 1,500 వాట్ల మీద వెలిగితే ఇన్వర్టరు నష్టంతో కలిపి 65 అవుతుంది. మొత్తం 155. కాబట్టి 12 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక రోజుకు సరిగ్గా సరిపోతుంది. ఇండక్షన్ లేకపోతే రెండు రోజులు దాటుతుంది.

దాన్ని నింపేది ప్రధానంగా ఇంజనే. డీసీ నుంచి డీసీకి మార్చే 50 ఆంపియర్ల చార్జరు పెడితే మూడు గంటల ప్రయాణంలో 150 ఆంపియర్ అవర్లు చేరతాయి. కప్పు మీద 200 వాట్ల సోలారు పలక మంచి వేసవి రోజున 60 దాకా ఇస్తుంది. రోజూ కదిలేవారికి ఇంకా పెద్ద పలకలు పెట్టడం కప్పు మీద బరువు పెంచడమే. ఒకేచోట నాలుగైదు రోజులు ఆగేవారికి మాత్రం 400 వాట్లు న్యాయమే.

ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో చార్జి చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. అందువల్ల బండి కింద కాక లోపల, మన వేడి తగిలే చోట పెట్టాలి, చలిలో చార్జింగు ఆపే రక్షణ ఉన్నదే కొనాలి. బ్యాటరీ ధన కొనకు అరచేతి దూరంలో క్లాస్ టి ఫ్యూజు, అంటే భారీ కరెంటును కూడా తెంచగల ఫ్యూజు, ఉండాలి. 2,000 వాట్ల ఇన్వర్టరు దాదాపు 180 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి మందపాటి రాగి కేబులు, వీలైనంత తక్కువ పొడవుతో వేయాలి. రేకు కన్నాల గుండా వెళ్లే ప్రతి వైరుకూ రబ్బరు తొడుగు తప్పనిసరి. మట్టిదారి కంపనానికి పదునైన అంచు వైరు తొక్కను నెమ్మదిగా కోస్తుంది, నిప్పు పుట్టేది అక్కడే. పని మీద నమ్మకం లేకపోతే ఈ ఒక్క భాగాన్ని అనుభవం ఉన్నవారికి అప్పగించండి.

ఎనిమిదో అడుగు: వెచ్చదనం, వంట, నీళ్లు

ట్రాన్సిట్ పెట్రోలు బండి కాబట్టి అదే ట్యాంకు నుంచి కొద్దికొద్దిగా పెట్రోలు తీసుకుని మండే చిన్న గాలి హీటరు పెట్టుకోవచ్చు. అందుకోసం ట్యాంకు దగ్గర అదనపు ఇంధన గొట్టం ఫ్యాక్టరీలోనే ఉంటుంది. మండే గాలిని బయటి నుంచే తీసుకుని, పొగను బయటికే వదిలే సీల్డు హీటరు మాత్రమే వాడాలి. ఎత్తైన చోట్ల గాలి పలచన కావడం వల్ల పెట్రోలు సరిగా మండక మసి కడుతుంది. కొలరాడోలో తిరిగేవారు ఎత్తును బట్టి ఇంధనాన్ని తగ్గించే ఏర్పాటు ఉన్నదే తీసుకోవాలి. గ్యాసు పొయ్యిని వెచ్చదనం కోసం వెలిగించి పడుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్ అలారం దిండు ఎత్తులో, గ్యాసు వాడితే గ్యాసు అలారం నేల దగ్గర, మంటలార్పే సీసా తలుపు దగ్గర ఉండాలి.

మన వంట విషయంలో ఒక మాట. సముద్రమట్టానికి 3,000 మీటర్ల ఎత్తున నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కొలరాడోలో లెడ్‌విల్ పట్టణం దాదాపు అంతే ఎత్తులో ఉంది. అక్కడ మూత లేని గిన్నెలో కందిపప్పు ఎంతసేపు మరిగినా పలుకుగానే ఉంటుంది, అన్నం పైన పదును, లోపల బిరుసు. చిన్న ప్రెషరు కుక్కరులో ఉష్ణోగ్రత 115 డిగ్రీలు దాటుతుంది కాబట్టి రెండు కూతలు ఎక్కువ ఇస్తే ఇంట్లో లాగే ఉడుకుతుంది, ఇంధనమూ మిగులుతుంది. కాని కుక్కరు ఆవిరి, పోపు ఘాటు రెండూ వ్యానులో పరుపుకూ దుప్పట్లకూ పట్టుకుంటాయి. పొయ్యిని పక్క తలుపు దగ్గర పెట్టి, తలుపు తెరిచి, కప్పు ఫ్యానును బయటికి లాగేలా తిప్పి వండాలి. పోపు మాత్రం బయట మడత బల్ల మీద వేయడం మేలు. పప్పు, పోపు సామాను, చింతపండు గుజ్జు ఇంటి దగ్గరే డబ్బాల్లో సిద్ధం చేసుకుంటే లోపల వండే సమయం సగమవుతుంది.

నీళ్లను రెండు పది గ్యాలన్ల క్యానుల్లో పెట్టుకుంటే కడగడం, నింపడం తేలిక. పెద్ద ట్యాంకు సగం నిండినప్పుడు లోపల నీళ్లు అటూ ఇటూ కొట్టుకుని బండిని ఊపుతాయి.

తొమ్మిదో అడుగు: పడక, అరలు

లోపలి వెడల్పు 70 అంగుళాలకు కొంచెం అటూ ఇటూ. గోడలు మందమయ్యాక 66 దాకా మిగులుతుంది. ఐదున్నర అడుగుల లోపు వారికి అడ్డంగా పడక సరిపోతుంది, పొడగరులు పొడవున వేసుకోవాలి. ప్రతి అరనూ రేకుకు కాక చట్రపు పక్కటెముకలకు మర నట్లతో బిగించండి. పిల్లల కోసం అదనపు సీటు కావాలంటే అమెరికా భద్రతా ప్రమాణాలు 207, 210 ప్రకారం పరీక్షించిన సీటూ, అడుగు కట్టూ మాత్రమే కొనండి. ప్లైవుడ్ పెట్టెకు బెల్టు తగిలించి పిల్లలను కూర్చోబెట్టడం ఎన్నడూ చేయవద్దు.

పదో అడుగు: కాగితాలు

బీమా సంస్థకు మార్పులన్నీ ఫొటోలతో సహా తెలియజేయండి. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్ మాస్ వారంటీ చట్టం ప్రకారం బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయలేరు. ఆ భాగం వల్లే లోపం వచ్చిందని చూపాలి. అందుకే బిల్లులు, టార్క్ కొలతలు, తేదీలు ఒక ఫైలులో దాచండి. ప్రభుత్వ భూముల్లో విడిది చాలాచోట్ల ఉచితమే అయినా ఒకేచోట సాధారణంగా 14 రోజులు మించి ఉండకూడదు. వేసవిలో మంటల నిషేధం ఉందేమో ప్రతిసారీ చూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నవారు ఈ పద్ధతిని యథాతథంగా పాటించలేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఎత్తు పెంచడం, పెద్ద టైర్లు వేయడం అక్కడ రిజిస్ట్రేషన్‌కే ముప్పు. విప్పి తీసేయగలిగిన పడక, విడి బ్యాటరీ పెట్టె, కుక్కరు, గాలి కొలిచే మీటరు, కంప్రెసరు ఇవన్నీ బండి నిర్మాణాన్ని ముట్టుకోకుండా వాడుకోవచ్చు.

పదకొండో అడుగు: ఇంటి దగ్గర్లో రెండు రాత్రులు

పని ముగిశాక మొదటి ప్రయాణం ఇంటికి గంట దూరం దాటకూడదు. నీళ్లు, తిండి, మనుషులతో నింపి ఇరుసులను తూచండి. కొత్త ఎత్తును ఫ్యాను మూతతో సహా కొలిచి అడుగులు, అంగుళాల్లో రాసి స్టీరింగు ఎదుట అతికించండి. పదిహేను మైళ్ల మట్టిదారి మీద నడిపి ఆగి, ప్రతి అర తలుపునూ, బ్యాటరీ కట్టునూ, చక్రం నట్లనూ చేత్తో కదిపి చూడండి. వదులైనవన్నీ అక్కడే తెలుస్తాయి. చల్లటి రాత్రి ఒకటి లోపల పడుకుని తెల్లవారాక టార్చి వేసి పక్కటెముకల వెనక నీటి చుక్కలు ఉన్నాయేమో వెతకండి. బ్యాటరీ మీటరు సాయంత్రం చూపిన అంకె, ఉదయం చూపిన అంకె రెండూ రాసుకోండి. మాకు మొదటి రాత్రి లెక్క కన్నా 30 ఆంపియర్ అవర్లు ఎక్కువ ఖర్చయ్యాయి. వెతికితే, ఏమీ తగిలించకపోయినా రాత్రంతా వెలుగుతూ ఉండిపోయిన ఇన్వర్టరే కారణమని తేలింది. దానికి తల దగ్గర ఒక స్విచ్ పెట్టించి, రెండో రాత్రి మళ్లీ కొలిచాం.